దురస్తు చేసిన డబ్బా అదేనా, వేరేదా?

చెడిపోయినదాన్ని మళ్ళీ నడిపించడాన్ని మా దిక్కు దురస్తు అంటరు. మరాఠీలో దురుస్తీ. పుస్తకాల తెలుగులో మరమ్మతు. ఇంట్లో అమ్మ అయితే "పోయి బాగు చేయించుకరా" అంటది. అన్నీ ఒకటే పని గురించిన మాటలు అనుకుంటాం గానీ కొంచెం ఆగి చూస్తే తేడా ఉంది. దురస్తు అంటే ముందు ఎట్ల ఉండెనో అట్ల సరిచేయడం. బాగు చేయడం అంటే మంచిగా చేయడం. పాత వస్తువు మంచిగా నడవాలంటే ఒక్కోసారి దాన్ని పాతగా ఉంచడం కుదరదు. పాతగానే ఉంచాలంటే ఒక్కోసారి అది నడవదు. అప్పుడు రిపేరు చేసేవాడు దేని దిక్కు ఉండాలె? ఈ వ్యాసంలో నా ప్రశ్న ఇదే.

ఊళ్ళో హనుమాన్ గుడి పాతబడితే జీర్ణోద్ధరణ చేస్తాం. గోడలు కొత్తవి, గోపురం కొత్తది, బండలు కొత్తవి, అయినా అదే గుడి అంటాం, ఎవరూ కాదనరు. ఎందుకంటే మార్చిందంతా ఊరు ఊరంతా కళ్ళతో చూసింది, చందా కూడా ఇచ్చింది. కానీ లోపల ఏం మారిందో బయటి నుంచి కనబడని వస్తువులు ఉంటాయి. అందుకే నేను గుడిని వదిలి, పాత టీవీ గేమ్ డబ్బాలను, పాత ఇంటి కంప్యూటర్లను తీసుకున్నాను.

ఈ కాలం పిల్లలకు కొంచెం చెప్పాలి. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో ఫ్యామికామ్ అనే గేమ్ యంత్రం అమ్మింది. దానికి నకళ్ళు ఎన్నో దేశాల్లో తయారయ్యాయి. మన దగ్గర 1990ల్లో ఇళ్ళల్లోకి వచ్చినవి ఎక్కువగా ఆ నకళ్ళే. టీవీకి వైరు పెట్టి, డబ్బా నెత్తి మీద గేమ్ చెక్కను దూర్చి ఆడేవాళ్ళు. ఆ చెక్కను అందరూ క్యాసెట్ అనేవాళ్ళు, లోపల టేపు లేకపోయినా. మారియో, కాంట్రా పేర్లు మా నాయినల కాలం వాళ్ళకు ఇప్పటికీ నోటికి వస్తాయి. కంప్యూటర్ల కథ అంతకు ముందుది. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద దేశంలో కొన్ని బడులకు బీబీసీ మైక్రో అనే ఇంగ్లాండు కంప్యూటర్లు ఇచ్చింది. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఇప్పుడు మనం ఫోన్‌లో పంపుకునే ఒక్క ఫోటో అందులో పట్టదు. మన మహారాష్ట్రలోనే పుణెలో డెసిబెల్స్ అనే కంపెనీ డీబీ స్పెక్ట్రమ్ పేరుతో ఇంటి కంప్యూటర్ తయారు చేసింది. అది ఇంగ్లాండులో 1982లో వచ్చిన స్పెక్ట్రమ్‌కు తమ్ముడులాంటిది. దానికి మాత్రం నిజంగానే టేపు క్యాసెట్ కావాలి. టేప్ రికార్డర్‌లో పెట్టి తిప్పితే కీచుమని అరుస్తూ ప్రోగ్రామ్ లోపలికి ఎక్కుతుంది.

ఇవన్నీ ఎట్ల చెడిపోతాయో మా ఊళ్ళో రేడియో, ఫోన్ల దుకాణం కాక దగ్గర కూర్చుని చూసి నేర్చుకున్నాను. ఎక్కువ రోగాలు చిన్నవే. లోపల చిన్న డబ్బాల్లాగా నిలబడి ఉండే కెపాసిటర్లు ఏండ్లు గడిస్తే ఎండిపోతాయి, లేదంటే కారి బోర్డును తింటాయి. బీబీసీ మైక్రో పవర్ సప్లైలో ఒక కెపాసిటర్ ఉంటది, దాని పైపొర పగిలి తేమ పీల్చుకుంటది. చాలా ఏండ్ల తర్వాత స్విచ్ వేయగానే టప్‌మని పేలి గదంతా పొగ. అందుకే తెలిసినవాళ్ళు పాత కంప్యూటర్ దొరకగానే సంతోషంతో స్విచ్ వేయరు, ముందు విప్పుతారు. గేమ్ డబ్బాలో 7805 అని మూడు కాళ్ళ ముక్క ఒకటి ఉంటది, బయటి నుంచి వచ్చే కరెంటును అయిదు వోల్టులకు దించుతుంది. అది పోతే డబ్బా చచ్చినట్టు పడి ఉంటది, మార్చితే లేచి కూర్చుంటది. అడాప్టర్ పిన్నులన్నీ చూడ్డానికి ఒకటే తీరు, కానీ కొన్నిటిలో ప్లస్సు మైనస్సు తిరగబడి ఉంటాయి. ఇంట్లో దొరికిన ఏదో అడాప్టర్ పెట్టి ఎన్ని డబ్బాలు చంపారో లెక్క లేదు. క్యాసెట్ పలకకపోతే ఊదేవాళ్ళు కదా, అది కూడా మంచిది కాదంట. ఊదితే నోటి తడి తగిలి రాగి పట్టీలు తుప్పు పడతాయి. తీసి మళ్ళీ పెట్టినందుకే అది పలికేది, పేరు మాత్రం ఊదుడుకు వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన దసరాకు భివండీ నుంచి ఊరికి వచ్చిన ఒకాయన తన చిన్నప్పటి గేమ్ డబ్బా తెచ్చాడు. కాక విప్పి చూశాడు. మొదటి కాలం యంత్రాల్లో చిప్పులు వేరువేరుగా ఉండేవి, ఒకటి పోతే ఒకటి మార్చవచ్చు. తర్వాతి నకళ్ళలో ఖర్చు తగ్గించడానికి అన్నీ ఒకే ముక్కలో పెట్టి, పైన నల్లటి తారులాంటి చుక్క పోసేశారు. ఈ డబ్బాలో ఆ చుక్క కిందిది కాలిపోయింది. దాన్ని తీయలేం, మార్చలేం. ఒకటే దారి ఉంది. బజార్లో తక్కువ ధరకు దొరికే కొత్త గేమ్ కొని, దాని బోర్డు తీసి, ఈ పాత డబ్బాలో బిగించి స్క్రూలు వేయడం. పైన అదే ప్లాస్టిక్కు, అదే ఎర్ర బటన్. టీవీలో అదే మారియో. ఆయనకు తెలిసే అవకాశమే లేదు.

కాక చెప్పేశాడు. "లోపలిది సచ్చిపోయిందన్నా. కొత్తది ఏస్త, కానీ అది నీ డబ్బా కాదు, నీ డబ్బాల వేరేది." ఆయన కాసేపు చూసి, వద్దులే అన్నా అని మూత కూడా సరిగ్గా పెట్టించుకోకుండానే తీసుకుని పోయాడు. కాకకు ఆ రోజు కూలి పోయింది.

ఈ సంగతి క్లాసులో చెప్తే రెండు రోజులు పంచాయితీ నడిచింది. ఎక్కువ మంది కాక తప్పు చేశాడన్నారు. వాళ్ళ వాదం తీసిపారేసేది కాదు. ఆయన పండుగకు వచ్చాడు, తన పిల్లలకు ఆ ఆట చూపించాలనుకున్నాడు. చెప్పకుండా బోర్డు మార్చి ఉంటే ఆయనకు సంతోషం, పిల్లలకు సంతోషం, కాకకు పైసలు. ఎవరికి నష్టం? నిజం చెప్తే ముగ్గురికీ నష్టమే అయింది. నష్టం లేని అబద్ధాన్ని తప్పు అని ఎట్ల అనాలి?

దీనికి నేను మిలిందుడి దగ్గరికి పోయాను. మిలిందుడు గ్రీకు రాజు, క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం వాడు. ఆయనకూ బౌద్ధ భిక్షువు నాగసేనుడికీ జరిగిన ప్రశ్నలూ జవాబులూ పాళీ భాషలో పుస్తకంగా ఉన్నాయి. మన మరాఠ్వాడాలో ఆ పేరు తెలియనివాళ్ళు తక్కువ, ఔరంగాబాద్‌లో అంబేడ్కర్ గారు 1950లో పెట్టిన కాలేజీ పేరే మిలింద్. నాగసేనుడు రాజును అడుగుతాడు, నువ్వు రథం మీద వచ్చావు కదా, నొగ రథమా? ఇరుసు రథమా? చక్రాలు రథమా? ఏదీ కాదు. మరి ఇవన్నీ తీసేస్తే రథం వేరే ఎక్కడైనా ఉందా? లేదు. అన్నీ కూడినప్పుడు మనం పెట్టుకున్న పిలుపే రథం.

మా క్లాసు వాళ్ళు దీన్ని వాళ్ళ దిక్కు లాక్కున్నారు. "చూడు, లోపల అసలు డబ్బా అనేదే లేదు, అంతా పిలుపే. బోర్డు మారిస్తే ఏమైతది?" నేను ఇంకో తీరుగా చదువుతాను. రథం అనేది పిలుపు అయితే ఆ పిలుపు ఒక్కడిది కాదు, పిలిచేవాళ్ళందరిదీ. ఇరుసు మారిందని తెలిసి కూడా అందరం అదే రథం అంటే అది అదే రథం. గుడి విషయంలో జరిగింది ఇదే. తెలియకుండా మార్చితే మాత్రం పిలిచేవాడు ఒకదాన్ని పిలుస్తున్నాడు, ఎదురుగా ఇంకొకటి ఉంది. అంటే వస్తువు అదేనా కాదా అనేది ఎన్ని ముక్కలు మారాయనే లెక్కతో తేలదు. చెప్పి మార్చారా, చెప్పక మార్చారా అన్నదానితో తేలుతుంది. కాక కెపాసిటర్ మార్చినా, 7805 మార్చినా బిల్లు మీద రాసిస్తాడు. అది చిన్నది, ఇది పెద్దది, కానీ నియమం ఒకటే. డాక్టర్ కూడా మోకాలు మార్చే ముందు సంతకం తీసుకుంటాడు కదా.

ఇక నష్టం లేదన్న మాట. ఆయన ఆ డబ్బాను ఇరవై అయిదేండ్లు ఎందుకు దాచుకున్నాడో మనం అడగలేదు. దాని అడుగున మేకుతో గీకిన రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి ఆయనది. రెండోది ఎవరిదో కాక అడగలేదు, నేనూ అడగలేదు. ఆయనకు కావలసింది మారియో అయితే ఫోన్‌లో ఆడుకోవచ్చు, ఉత్తగనే దొరుకుతుంది. ఆయనకు కావలసింది ఫోన్‌లో లేదు కాబట్టే కాక దగ్గరికి తెచ్చాడు. ఏం పోతుందో మనకు తెలియనప్పుడు నష్టం లేదని మనమే తీర్పు చెప్పడం నాకు సరిగా అనిపించలేదు.

ఒక స్నేహితురాలు ఇంకో గట్టి ప్రశ్న వేసింది. ఆ డబ్బానే నకలు, అందులో గేమ్ కూడా దొంగ కాపీ. నకలుకు మళ్ళీ అసలు ఏంది? దీనికి జవాబు దొరకడానికి నాకు టైం పట్టింది. అసలు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. తయారు చేసినవాడి అసలు ఒకటి, వాడుకున్నవాడి అసలు ఇంకొకటి. మ్యూజియం మొదటిది చూస్తుంది, దానికి జపాన్ ఫ్యామికామ్ కావాలి, మా ఊరి డబ్బా అక్కర్లేదు. ఇల్లు రెండోది చూస్తుంది. పాత ప్లాస్టిక్కు పసుపు పచ్చగా మారుతుంది చూడండి, మంట అంటకుండా అందులో కలిపిన బ్రోమిన్ మందు మీద ఎండ పడడం దానికి ఒక కారణం. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి వెలుతురులో పెడితే తెల్లబడుతుంది. కంపెనీ నుంచి వచ్చినట్టు చేయాలనుకుంటే పూయాలె. కానీ ఆ పసుపు మన ఇంటి కిటికీలోంచి వచ్చిన ఎండ. దాన్ని కడిగితే ఏండ్లు కూడా కడిగినట్టే కదా. నేనైతే పూయను, మురికి మాత్రం తుడుస్తాను.

ఈ అసలు, నకలు మాటలు మాకు ఇంకో రకంగా కూడా తగులుతాయి. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని పంచినప్పుడు నాందేడ్ జిల్లా ఇటు వచ్చింది. మేం రైలెక్కితే కాసేపట్లో బాసర, అక్కడికి పోతే తెలంగాణ. అక్కడి చుట్టాలు మా మాట విని నవ్వుతారు, సగం మరాఠీ అంటరు. మా తెలుగులో ముక్కలు మారిన మాట నిజమే. కానీ దాచి మార్చలేదు, పూట పూటకూ మాట్లాడుతూ అందరి ముందే మార్చుకున్నాం. అందుకని దీన్ని తెలుగు అనే పిలుస్తున్నాం, పరీక్ష కూడా దాంట్లోనే రాస్తున్నాం.

ఒక్కటి మాత్రం ఏ రిపేరుతోనూ కుదరదు. డక్ హంట్ అని బాతులను తుపాకీతో కొట్టే ఆట ఉంది. తుపాకీ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి బాతు ఉన్న చోట తెల్ల చదరం వస్తుంది, తుపాకీలోని కన్ను ఆ వెలుగును చూస్తుంది. అది లావు గాజు గొట్టం టీవీకి సరిపోయేలా కట్టిన లెక్క. కొత్త పలక టీవీలు బొమ్మను కొంచెం ఆలస్యంగా చూపిస్తాయి కాబట్టి తుపాకీకి ఏమీ కనబడదు. తుపాకీ బాగానే ఉంది, డబ్బా బాగానే ఉంది, టీవీ కూడా బాగానే ఉంది. మూడూ బాగున్నా ఆట లేదు. నాగసేనుడి రథానికి రోడ్డు కూడా ఒక భాగమేనేమో అని దీన్ని చూశాకే నాకు తోచింది.

ఇంత చిన్న పనికి ఇంత ఆలోచన ఎందుకని మా సార్ అడిగారు. ఒక సంగతి చెప్తాను. ఐబీఎం కంపెనీ 1978లో మన దేశం విడిచిపోయినప్పుడు దాని కంప్యూటర్లు ఇక్కడే మిగిలిపోయాయి. వాటిని నడుపుతూ ఉంచే పని ప్రభుత్వ సంస్థ సీఎంసీ మీద పడింది. ఆ మూడు అక్షరాల్లో నడిమిది మెయింటెనెన్స్, అంటే చెడిపోకుండా చూసుకోవడం. కంప్యూటర్ కనిపెట్టినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ యంత్రాలను ఆగకుండా చూసినవాళ్ళ పేరు ఒక్కటైనా మనకు తెలుసా? నాకూ తెలియదు.

దీపావళి తర్వాత ఇంకొకరు అటువంటి డబ్బానే తెచ్చారు, అదే రోగం. కాక అదే మాట చెప్పాడు. ఈయన మాత్రం కొత్త బోర్డు వేయమన్నాడు. కాక వేసి, తీసిన పాత బోర్డును ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, తారీఖు రాసి డబ్బాతో పాటే ఇచ్చాడు. అక్కడే ఉన్న మా తమ్ముడు అడిగాడు, "కాకా, రేపు ఎవరన్న ఆ నల్ల చుక్కను బాగుచేసి వేరే డబ్బాల పెడితే, రెండిట్ల ఈయనది ఏది?" నేను జవాబు కోసం నాగసేనుడిని వెతుకుతూనే ఉన్నాను. కాక స్క్రూలు బిగిస్తూ అన్నాడు, "రెండూ నా దగ్గరికే తెమ్మను బిడ్డా, రెండిటికీ వేరువేరు బిల్లు రాస్త."