కర్త చెంత లేని వాక్యము

సాఫ్ట్‌వేరు రచనలో ఏఐ ఏజెంటును నియోగించువారు దానికి ఫైలును చూపు ఉపకరణము నొకదానిని, ఫైలులోని వచనమును మార్చు ఉపకరణము నొకదానిని, టెర్మినలులో కమాండులను నడపు ఉపకరణము నొకదానిని ఒసగి, ప్రతిదానికిని ఒక పేరును, కొన్ని వాక్యముల వివరణమును, ఏయే విలువలను ఏ రూపమున నందింపవలెనో తెలుపు పట్టికను జతపఱతురు. ఉపకరణము లోపల నడచు కోడు సాధారణముగా ఏజెంటునకు గోచరింపదు. దానికి ఉపకరణమనగా ఆ కొలది వాక్యములే. సందేహము కలిగినచో ప్రక్కగదిలోని సహోద్యోగి నడిగి తెలిసికొను సౌలభ్యము మనకు కలదు. ఏజెంటునకు ఆ వివరణము వ్రాసినవాడు ఎన్నడును ఎదురుపడడు. వక్త లేక వాక్యము మాత్రమే మిగిలినచోట, దానివలన పుట్టిన దోషము ఎవరిది? ఈ ప్రశ్న కొంతకాలముగా నన్ను వదలకున్నది.

ఇది ఊహామాత్రము కాదు. కోడును సవరించుటకు మిక్కిలి వాడుకలో నున్న పద్ధతులలో నొకటి, ఏజెంటు పాత వచనమును యథాతథముగా పేర్కొని, దాని స్థానమున నుండవలసిన క్రొత్త వచనము నిచ్చుట. పాత వచనములో ఒక్క స్పేసు తగ్గినను, లైను మొదట ట్యాబునకు బదులు స్పేసులు పడినను పొంతన కుదరదు. అదే వచనము రెండుచోట్ల నున్నయెడల ఏది మార్చవలెనో తెలియదు. కొంతకాలము క్రిందట అట్టి ఉపకరణమునకు నేను వ్రాసిన వివరణములో, ఇచ్చిన వచనమును మార్చునని మాత్రమే యుండెను. మొదట కనబడిన చోటనే మార్చునని నాకు తెలియును గనుక దానిని చెప్పవలెనని తోచలేదు. ఒకే రూపమున నున్న రెండు ఫంక్షనులలో రెండవదానిని సవరింపగోరిన ఏజెంటు మొదటిదానిని మార్చి, పని నెఱవేరినదని నివేదించెను. అది అసత్యమాడలేదు, నా వాక్యము చెప్పినంతవఱకు ఆ నివేదిక సత్యమే.

ఇట్టి స్థితిని గూర్చి మన దేశమున దీర్ఘముగా విచారించినవారు పూర్వమీమాంసకులు. వేదము అపౌరుషేయమని వారి సిద్ధాంతము. కర్త లేడు గనుక ఆతని అభిప్రాయము నడుగుటకు వీలులేదు, సర్వమును వాక్యమునుండియే గ్రహింపవలెను. అందుచేతనే విధివాక్యమును వినినవానికి దేనిని సాధింపవలెను, దేనిచేత సాధింపవలెను, ఏ విధమున సాధింపవలెను అను మూడు ఆకాంక్షలు కలుగునని వారు నిరూపించిరి. మూడవదానిని తీర్చునది ఇతికర్తవ్యత. నేను చూచిన వివరణములలో మొదటి రెండును దాదాపు ఎల్లప్పుడు నుండును, లోపించునది ఇతికర్తవ్యతయే. మార్చుటకు ముందు ఫైలును చదువవలెనా, విఫలమైనచో అదే వచనముతో మరల యత్నింపవలెనా లేక ఫైలును మరల చూడవలెనా, క్రొత్త వచనము శూన్యమైనచో తొలగింపుగా నెన్నవలెనా? ఇవి చెప్పనిచోట ఏజెంటు ఆగి కూర్చుండదు. మూలరూపమైన ప్రకృతియాగమందలి అంగములు దాని ననుసరించు వికృతియాగమునకు అతిదేశముచేత సంక్రమించునట్లు, శిక్షణలో తా నెఱిగిన వేఱు ఎడిటరుల అలవాట్లను ఈ ఉపకరణమునకు దెచ్చి అన్వయించుకొనును. ఆ అన్వయము సరియైనను, కాకపోయినను, దానికి అవకాశ మిచ్చినది నా మౌనమే.

వారి నియమవిధి యిచ్చట మఱింత ఉపకరించును. వడ్లపొట్టును దంచియు తీయవచ్చును, గోళ్లతో ఒలిచియు తీయవచ్చును. యాగమునకు దంచియే తీయవలెనని శాస్త్రము నియమించును. అట్లే ఏజెంటు ఫైలును సవరణోపకరణముతో మార్చవచ్చును, టెర్మినలునుండి సెడ్ కమాండుతో మార్చవచ్చును, ఫైలునంతను తిరుగ వ్రాయవచ్చును. ఎప్పు డేది వాడవలెనో నియమింపక, చేయరానివాటి వరుసను మాత్రము వ్రాసి తృప్తిపడుట నాకు సమ్మతము కాదు. నిషేధము నివర్తింపజేయునే గాని కర్తవ్యమును చూపదు.

పేరుల విషయమున మాత్రము మీమాంసకుల క్రమము తలక్రిందులైనట్లు తోచును. ఏది దేనికి అంగమో నిర్ణయించుటకు మీమాంసాసూత్రకర్త జైమిని చెప్పిన ఆఱు ప్రమాణములలో సమాఖ్య, అనగా పేరు, కడపటిది, అన్నిటికంటె దుర్బలము. పదుల ఉపకరణములు ఎదుటనున్న ఏజెంటు నేను చూచినంతవఱకు మొదట పేరునే పట్టుకొనును. పేరొకటియు వివరణ మింకొకటియు చెప్పినచో వివరణము ఓడును.

అయినను దోషమంతయు వాక్యముచేతనే తొలగునని నేను నమ్మను. 2024 డిసెంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఏజెంటుల నిర్మాణమును గూర్చి ప్రకటించిన వ్యాసములో, మూల డైరెక్టరీని విడిచి కదలిన పిదప ఏజెంటు సాపేక్షమైన ఫైలు మార్గములతో పొరబడుచుండగా, ఎల్లప్పుడును సంపూర్ణమార్గమునే కోరునట్లు ఉపకరణమునే మార్చిరని యున్నది. అదే సంవత్సరము ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెలువరించిన ఎస్‌డబ్ల్యూఈ-ఏజెంటులో, సవరణవలన సింటాక్సు దోషము పుట్టినచో ఉపకరణము దానిని నిరాకరించి, దోషమెచ్చటనో చూపును. పెద్దవాడొకడు ఆవును తెమ్మనగా మఱియొకడు తెచ్చుట చూచి బాలుడు పదముల అర్థమును గ్రహించునని మన శాస్త్రకారులు చెప్పుదురు. ఏజెంటునకు ఆ దృశ్యము లేదు, ఆ పెద్దలును లేరు. తాను చేసినదానికి ఉపకరణ మిచ్చు ప్రత్యుత్తరము మాత్ర మున్నది. కావున దోషసందేశమును వివరణములో భాగముగానే వ్రాయవలెను. విఫలమైనదను ఒక్క మాట పలికి ఊరకుండుట బాలుని చీకటిగదిలో విడిచిపోవుటయే.

ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున ఆప్తుని, అనగా మాట నమ్మదగినవానిని, యథార్థవక్తగా నిర్వచించెను. ఆ నిర్వచనమున సదుద్దేశమునకు చోటులేదని నే నాలస్యముగా గమనించితిని. ఉపకరణపు కోడు నేడు మారి, వివరణము నిన్నటిదిగా మిగిలిపోయినచో, మోసపుచ్చు తలంపు ఎవనికిని లేకయే వాక్యము అయథార్థమగును. మీమాంసకుల వేదమునకు వక్త లేడు గనుక వక్తృదోషమును లేదు. నా వివరణమునకు వక్తను నేను. దూరమున నున్నంతమాత్రాన దోషమునకు ఆశ్రయము లేకపోలేదు.

ఆ సవరణోపకరణమును మరల చేపట్టితిని. పాత వచనము ఒకటికంటె నెక్కువచోట్ల కనబడినచో అది యిప్పుడు ఏమియు మార్చక, ఎన్నిచోట్ల కనబడినదో, ఏ లైనులలో కనబడినదో తెలిపి, చుట్టునున్న లైనులను గూడ చేర్చి మరల పంపుమని కోరును. వివరణములోను ఆ మాటయే వ్రాసితిని. ఫైలును ముందు చదువుమనియు, స్పేసులను ట్యాబులను ఉన్నవున్నట్లు నిలుపుమనియు, రెండవమాఱు విఫలమైనచో ఊహింపక ఫైలును మరల చూడుమనియు దానిక్రింద చేర్చితిని.