రేఖాభ్యాసం దాస్యమా?

చిత్రకళాశాలలో చేరిన విద్యార్థి చేత తొలి రోజుల్లో ఘనాన్నీ, గోళాన్నీ, కుండనూ, ప్లాస్టరు తలనూ పదేపదే గీయిస్తారు. ప్రజల కోసం బొమ్మలు వేయాలనే తపనతో వచ్చినవాడికి ఇది సంకెలగా తోస్తుంది. "ఊళ్లో కూలీలు రేట్ల కోసం పోరాడుతుంటే నేను గ్రీకు దేవుడి ముక్కు పొడవు కొలుస్తూ కూర్చోవాలా?" అని అడుగుతాడు. ఇది సోమరి ప్రశ్న కాదు. క్రమశిక్షణ ఎక్కడ విధేయతగా మారుతుంది, కళాకారుని స్వేచ్ఛ ఎక్కడ మొదలవుతుంది అనే నైతిక సమస్య ఇందులో వుంది.

ముందుగా ఆ అనుమానానికి ఆధారమేమిటో చూద్దాం. 1563లో ఫ్లారెన్సులోనూ, 1648లో పారిస్‌లోనూ వెలసిన అకాడమీల వల్ల యూరపులో ఈ విద్యకు క్రమంగా ఒక వరస ఏర్పడింది. మొదట అచ్చుబొమ్మలు చూచి గీయడం, తరువాత ప్లాస్టరు ప్రతిమలు, చివరకు సజీవమైన మనిషి. 1857లో బొంబాయిలో ప్రారంభమైన జె. జె. కళాశాల వంటి సంస్థల ద్వారా ఆ పద్ధతి మన దేశానికి వచ్చింది. దానితోపాటు సౌందర్యానికి కొలబద్ద సముద్రాల ఆవలనే వున్నదనే పాఠం కూడా వచ్చింది. ఆ పాఠాన్ని తిరస్కరించవలసిందే.

అయితే ఒకరిచ్చిన కొలబద్దను తిరస్కరించడం వేరు, కొలవడాన్నే తిరస్కరించడం వేరు. కొలవడం మనకు పరాయి విద్య కాదు. కామసూత్రాలకు వ్యాఖ్య రాసిన యశోధరుడు చిత్రకళకు ఆరు అంగాలు చెప్పాడు. వాటిలో ప్రమాణం ఒకటి, సాదృశ్యం ఒకటి. విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం, నృత్యం తెలియనివాడికి చిత్రకళ బోధపడదంటుంది. కదిలే శరీరాన్ని ఎరిగినవాడే నిలిచే గీత గీయగలడని దాని భావం. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి ఆలయాల శిల్పాలను చూచినవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

కాని అక్కడే మరొక సంగతి గమనించాలి. కాకతీయుల సామంతులైన రేచెర్ల ప్రభువుల కాలంలో కట్టిన గుళ్లవి. శాసనాలు దాతలను కీర్తిస్తాయి. రాతిని తొలిచిన చేతులను గురించి మనకు తెలిసింది అత్యల్పం. చేతికి నైపుణ్యం వచ్చినంత మాత్రాన మనిషికి స్వాతంత్ర్యం రాదు.

నైపుణ్యం లేకపోతే మాత్రం ఏమవుతుంది? మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసే హమాలీని తీసుకోండి. మన పోస్టర్లలో శ్రామికుడికి బిగించిన పిడికిలి, మోకుల వంటి నరాలు. అందరికీ ఒకటే ముఖం. నిజమైన హమాలీ అలా వుండడు. బస్తా వీపు మీద పడగానే నడుము వంగుతుంది, మెడ ముందుకు సాగుతుంది, బరువంతా నేలనున్న పాదం మీదికి దిగుతుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడు మోసే తీరు వేరు, యాభై ఏళ్ల మనిషి మోసే తీరు వేరు. ఈ తేడాను ఏ నినాదమూ చెప్పలేదు. గీత చెప్పాలి. కుండ మూతి గుండ్రమని మనకు తెలుసు. పక్కనుంచి చూస్తే అది కోలగా కనబడుతుంది. తెలిసినదాన్ని పక్కనబెట్టి కనబడేదాన్ని గీయమని గురువు పట్టుబట్టేది అందుకే. కుండ దగ్గర ఈ నిజాయితీ అలవడనివాడు మనిషి దగ్గర చూపగలడా? హమాలీని మన భావనకు సరిపోయేట్టు దిద్దుకోవడమంటే, అతని శరీరాన్ని కూలి ఇవ్వకుండా మరోసారి వాడుకోవడమే.

1880లో బెల్జియం బొగ్గుగనుల సీమ బోరినాజ్‌లో విన్సెంట్ వాన్ గో గనికార్మికులను గీయసాగాడు. ఆ రోజుల్లోనే షార్ల్ బార్గ్ కూర్చిన అభ్యాసచిత్రాలను ఓపికగా నకలు చేశాడు. కార్మికుల మీద ప్రేమ వుంది గనుక సాధన అక్కరలేదని అతడు అనుకోలేదు. 1885లో 'బంగాళాదుంపలు తినేవారు' చిత్రానికి ముందు చలికాలమంతా రైతుల తలలు పదులకొద్దీ చిత్రించాడు. ఆ చిత్రపు లితో ప్రతిని చూచి మిత్రుడు రాపార్డ్ శరీరాల పొందిక సరిగా లేదని తప్పుపట్టాడు. అకాడమీ లెక్కన అది నిజమే కావచ్చు. కాని కణుపులు దేరిన ఆ చేతులను చూస్తే ఆ దుంపలు పండించిందెవరో వేరే చెప్పనక్కరలేదు. నియమంతో చెమటోడ్చినవాడికే నియమాన్ని దాటే హక్కు వస్తుంది.

ఇక అసలు అన్యాయం మరొకచోట వుంది. ఈ విద్య ఎవరికి అందుతున్నది? కోదాడ కుర్రవాడు 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో చదవాలంటే హైదరాబాదు పోవాలి. ప్రవేశపరీక్షలో ముందే బొమ్మ గీసి చూపాలి. గీత నేర్చుకోవడానికి గీత వచ్చి వుండాలన్నమాట! ఆ ముందటి విద్య ఊళ్లో ఎవరు నేర్పుతారు? బడిలో డ్రాయింగు పీరియడు తరచు లెక్కల పాఠానికి పోతుంది. వెనుక గోడల మీద కుంచెతో అక్షరాలు రాసే పెయింటర్ల దగ్గర కుర్రాళ్లకు చేయి తిరిగేది. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని చాలావరకు మింగాయి. కాగితం, తీరిక, గురువు వున్న ఇంటి బిడ్డ పరీక్షలో నెగ్గితే దానికి మనం పుట్టుకతో వచ్చిన ప్రతిభ అని పేరు పెడుతున్నాం.

కాబట్టి విద్యార్థి మిత్రులు పోరాడవలసింది అభ్యాసం మీద కాదు, అది కొందరి సొత్తు కావడం మీద. ప్రభుత్వ బడి ప్రతిదానిలో డ్రాయింగు మాస్టరు వుండాలి. ప్లాస్టరు తల పక్కన పిల్లలమర్రి శిల్పమూ, మిల్లు హమాలీ కూడా నమూనాలుగా నిలవాలి. హమాలీ నిలబడినంతసేపటికి అతనికి కూలి ముట్టాలి. గీత మీద అధికారం కొందరికే వున్నంతకాలం తక్కినవారి ముఖాలు ఎలా వుండాలో ఆ కొందరే నిర్ణయిస్తారు.