టిప్పు కొనే ముందు

"అన్నా, నెలనెలా ఫీజు కడితే ఏ షేరు కొనాలో చెప్తారంట. కట్టేదా?" అని వేంపల్లెలో ఒక తమ్ముడు అడిగినాడు.

మన సీమలో బోరు పాయింటు చూసే మనిషిని గుర్తు చేసుకోండి. నీళ్లు పడినా పడకపోయినా ఆయన డబ్బు ఆయనకు ముడుతుంది. అప్పు మాత్రం రైతుదే. టిప్పులు అమ్మేవారి సంగతీ అంతే. ఫలించిన నాలుగింటిని చూపిస్తారు, తప్పినవి దాచేస్తారు.

కేసముత్త పట్టణంలో కాలాములు భగవాన్ బుద్ధుణ్ణి ఇట్లాగే అడిగారు: వచ్చిన ప్రతి బోధకుడూ తన మాటే నిజమంటున్నాడు, ఎవరిని నమ్మాలి? మీ సందేహం తగినదే అన్నాడాయన. గురువు చెప్పాడని నమ్మక, మేలేదో కీడేదో మీరే పరీక్షించి తెలుసుకోమన్నాడు.

పరీక్షిద్దాం. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 100కి 93 మంది నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది. లాభం ఖాయమని హామీ ఇవ్వడానికి సెబీ దగ్గర నమోదైన సలహాదారుకు కూడా హక్కు లేదు. అట్లా హామీ ఇచ్చేవాణ్ణి అక్కడే అనుమానించాలి.

చివరగా మన మనసునూ అడగాలి. కష్టం లేకుండా రావాలనే తణ్హ మనలో లేకపోతే, ఆ టిప్పును కొనేదెవరు?

ఫీజు డబ్బు ఇంట్లోనే ఉంచు తమ్ముడా. తెలిసిందాకా ఆగు.

నమో బుద్ధాయ!