వెలుగు ఎవరి పాలు?

ఛాయాగ్రహణాన్ని బోధించే గ్రంథాలు 'సరియైన ఎక్స్‌పోజర్' అనే మాటను నిస్సంకోచంగా వాడుతూ ఉంటవి. కెమెరాలోనికి ఎంత వెలుగు రానివ్వాలన్న ప్రశ్నకు ఒకే సమాధానం ఉన్నట్లు, అది కేవలం గణితమైనట్లు ఆ మాట ధ్వనిస్తుంది. గణితం ఉన్న మాట నిజమే. కాని లెక్క పూర్తి అయిన తరువాత మరొక ప్రశ్న మిగులుతుంది. అది ధర్మానికి చెందినది.

కాశీ ఘట్టాలు గంగకు పశ్చిమతీరాన, తూర్పు ముఖంగా ఉన్నవి. సూర్యోదయ వేళ మెట్లపై నిలిచి చిత్రం తీసేవానికి పడవవాడు వెలుగుకు అడ్డంగా కనిపిస్తాడు. ఆకాశంలోని కాంతి అపారం; అతని ముఖం మీద ఉన్నది అత్యల్పం. ఆకాశపు వన్నెలు నిలుపుకొనదలచితే ముఖం నల్లని ఆకృతి అవుతుంది. ముఖం కావలెనంటే ఆకాశం వట్టి తెల్లకాగితమై పోతుంది. ప్రచారంలో ఉన్న కాశీ చిత్రాలలో మొదటి తీరువి కోకొల్లలు. అవి అందమైనవి కావని ఎవరూ అనలేరు. అయితే ఆ అందానికి వెల చెల్లించినవాడు పడవవాడు. అతడు ఆకాశానికి అలంకారమైనాడు, అంతే. అదే ఉదయం పడవ ఎక్కి ఘట్టం వైపు తిరిగితే అదే సూర్యుడు స్నానం చేసేవారి ముఖాల మీద నిండుగా ప్రకాశిస్తూ ఉంటాడు.

ఇంతమాత్రాన నీడ అవమానమని తీర్మానించరాదు. మణికర్ణికా ఘట్టంలో చితి ఎదుట నిలిచిన కుమారుని ముఖాన్ని చీకటికి విడిచిపెట్టడం మర్యాద. అక్కడ స్పష్టతే దౌర్జన్యం అవుతుంది. నీడ ఎవరిని కాపాడుతున్నది, ఎవరిని తుడిచివేస్తున్నది అన్నదే విచారింపదగిన విషయం.

యంత్రం ఈ విచారణ చేయదు. కెమెరాలోని కాంతిమాపకం తన ఎదుట ఉన్నదంతా సగటున ఒక మధ్యమ ధూసరవర్ణమని, అంటే పడిన వెలుగులో సుమారు 18 శాతాన్ని తిరిగి ఇచ్చేదని భావించి లెక్క కడుతుంది. అందుచేత అది సున్నం వేసిన గోడను బూడిదరంగుకు దించుతుంది. నల్లని గేదెను బూడిదరంగుకు ఎత్తుతుంది. గోడ తెల్లగా ఉండాలంటే వెలుగును పెంచాలి, గేదె నల్లగా ఉండాలంటే తగ్గించాలి. కొత్తగా నేర్చుకొనేవానికి ఇది తలక్రిందులుగా తోస్తుంది. సగటు అనేది నిష్పక్షపాతం కాదని తెలుసుకొనడానికి ఇంతకంటె సులభమైన పాఠం లేదు.

సగటుకు పక్షపాతం ఉండగలదని ఫిల్ము చరిత్ర కూడా చెబుతున్నది. 20వ శతాబ్దపు మధ్యభాగం నుండి కోడక్ సంస్థ రంగుల ముద్రణను సరిచూచుకొనడానికి ప్రయోగశాలలకు పంపిన నమూనా పటాలలో ఉన్నది ఒక తెల్లజాతి స్త్రీ చిత్రం. ఆ చర్మానికి కుదిరిన కొలత నల్లని ముఖాలకు కుదరలేదు. వివిధ వర్ణాలవారి పటాలు 1990ల దశకంలో గాని రాలేదు.

డిజిటల్ కెమెరా ఫిల్మును తొలగించినది గాని నిర్ణయాన్ని తొలగించలేదు. రంధ్రం వెడల్పు, షట్టరు తెరచి ఉండే కాలం, ఐ.ఎస్.ఓ. అనే మూడు సాధనాలు అందులోనూ ఉన్నవి. సెకనులో 60వ వంతు నుండి 30వ వంతుకు మారితే లోనికి వచ్చే వెలుగు రెట్టింపవుతుంది. ఐ.ఎస్.ఓ. పెంచితే మాత్రం వెలుగు పెరగదు. అందిన కొద్దిపాటి సంకేతమే బిగ్గరగా వినిపిస్తుంది, దానితోపాటు రొదా వినిపిస్తుంది. చీకటిలో మునిగిన వివరాలను తరువాత కొంతవరకు పైకి తీయవచ్చు. వెలుగు మితిమీరి తెల్లబోయిన చోట తిరిగి తెచ్చుకొనడానికి ఏమీ మిగలదు. నేటి చేతి ఫోనులు అనేక చిత్రాలను కలిపి ఆకాశాన్నీ ముఖాన్నీ ఒకేసారి చూపుతున్నవి. ఇది సమన్యాయంగా తోచవచ్చు. రాత్రిని రాత్రిగా ఉండనీయని న్యాయం అది. పైగా ఆ తీర్పు ఇచ్చినవాడు ఆ చోట లేడు.

ఇక కాలం మాట. 1838లో డాగేర్ పారిస్ నగరంలోని బులెవార్ దు తాంప్ల్ వీధిని తన కిటికీ నుండి చిత్రించాడు. వెలుగు పడవలసిన వ్యవధి కొన్ని నిమిషాలు. ఆ సమయంలో కదిలిపోయిన బండ్లు, జనం జాడ లేకుండా పోయినారు. వీధి నిర్జనంగా కనిపిస్తుంది. ఒక మూల మాత్రం ఒక మనిషి నిలిచి ఉన్నాడు. బూట్లకు మెరుగు పెట్టించుకొంటూ కదలక నిలిచినందువల్ల అతడు చిత్రంలో దక్కినాడు. నేడు రైల్వే స్టేషనులో షట్టరును 2 సెకనులు తెరచి ఉంచి జనప్రవాహాన్ని పొగవలె చిత్రించే కళాకారుడు తెలిసి చేస్తున్న పనిని డాగేర్ పరికరం తెలియకయే చేసినది. ఆ చిత్రంలో బూట్లు తుడిపించుకొన్నవాని ఆకారం స్పష్టం. అతని పాదాల వద్ద వంగి పని చేసినవాడు మసకగా మిగిలినాడు. అతని చేతులు ఆగలేదు.