సుగ్గికాలంలో మన దీవి

మా మద్దికెర వైపు దీవి అనే మాటతో పెద్దగా పని పడదు. దీవి కావాలంటే ముందు చుట్టూ నీళ్లుండాలి. మాకు తాగే నీళ్లకే ఎదురుచూపు. బడిలో ఆ పాఠం వచ్చినప్పుడు నేను పటంలో శ్రీహరికోటను చూపిస్తాను. అటు సముద్రం, ఇటు పులికాట్ సరస్సు, మధ్యలో యానాదులు తరతరాలుగా బతికిన నేల, తర్వాత రాకెట్ల నేల. పిల్లలు తల ఊపుతారు. అయితే దీవిలో ఉన్న మనిషి మనసు ఎట్లా ఉంటుందో మా పిల్లలకు పటం పెట్టి చెప్పనక్కరలేదు. దీపావళి దాటి చలి మొదలైందంటే వాళ్ల తండానే దీవి అవుతుంది.

సుగ్గి అంటే ఏమిటో ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. వేరే జిల్లాల మిత్రుల కోసం చెబుతున్నాను. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, పండగ. అదే మాట మా దగ్గరికి వచ్చేసరికి ఇల్లు విడిచి వేరే జిల్లాకు కూలికి పోవడం అయింది. ఎవరి పంట కోత ఎవరికి సుగ్గి అయిందో ఆ ఒక్క మాటే చెబుతుంది. బుడ్డల పని అయిపోయి, ఇక్కడి పత్తి తీత తగ్గగానే గుంటూరు మిరప తోటలకు, తెలంగాణలో పత్తి తీయడానికి, బెంగళూరులో కట్టడం పనులకు జనం బయలుదేరుతారు. వాకిళ్లకు తాళాలు, కొన్నింటికి ముళ్లకంప. మిగిలేది ముసలివాళ్లు, బడి పిల్లలు, నిండు నెలల ఆడమనిషి ఒకరిద్దరు, మేకలు. కొన్ని ఊర్లలో బడిలోనే సీజనల్ హాస్టల్ తెరుస్తారు. లేనిచోట పిల్లలు అవ్వ దగ్గరే ఉంటారు. పోయినవాళ్లు తిరిగి రావడం ఉగాదికే. ఈ మూడు నాలుగు నెలలు తండా చుట్టూ ఉండేది నేలే గాని, దాన్ని దాటి వచ్చేవాళ్లు తక్కువ.

ఈ దీవిలో చలికాలాన్ని హాయిగా, సంతోషంగా గడపవచ్చా అన్నది ఒక ప్రశ్న. గడపడం తప్పా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి మా తండా ఏనాడో జవాబు చెప్పేసింది. నన్ను పీడించేది రెండోది.

మొదటిది ముందు చూద్దాం. మా చలి మంచు కురిసే చలి కాదు. పాఠ్యపుస్తకంలో బొమ్మగా వచ్చే ఉన్ని టోపీ చలి కూడా కాదు. పగలు ఎండ బాగానే కాస్తుంది. తెల్లవారుజామున మాత్రం మెట్ట నేలల మీదుగా వచ్చే గాలికి అడ్డం ఏమీ ఉండదు. ఎండాకాలం పెనంలాగా కాలే రేకుల ఇల్లు ఈ కాలంలో లోపల కూర్చున్నవాళ్ల వెచ్చదనం లాగేస్తుంది. అందుకే పొద్దున మొదటి పీరియడ్ నేను గదిలో పెట్టను. తూర్పు గోడకు వీపు ఆనించి కూర్చోబెడతాను. ఎక్కాలు గోడ దగ్గర కూడా వస్తాయి.

సాయంత్రం మంట. మంట అంటే ఊరికే అగ్గి అనుకోవద్దు, దానికొక లెక్క ఉంది. పత్తికట్టె భగ్గున లేచి తొందరగా పోతుంది, పిల్లలకు ఇష్టం. కందికట్టె కాసేపు నిలుస్తుంది. తుమ్మ మొద్దు పడితే తెల్లారేదాకా కడుపులో నిప్పు దాచుకుంటుంది. ముందు ఏది వేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ముసలివాళ్లకే తెలుసు. మంట పక్కన ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి కందికాయలు. తెల్లజొన్న పాలుపోసుకునే రోజుల్లో కంకి కాల్చి అరచేతుల మధ్య నలిపి ఊది తినడం. మన గోర్‌బోలిలో పొడుపు కథలు అప్పుడే వస్తాయి. బడిలో నోరు విప్పని పిల్లవాడు అక్కడ పెద్దవాళ్లను ఓడిస్తాడు. ఇక రాత్రికి బొంత. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి దగ్గర దగ్గరగా కుట్లు వేసిన బొంత. ఒక్క బొంత కింద అవ్వ, ముగ్గురు పిల్లలు.

నేను డిప్లొమా చదివేటప్పుడు మనస్తత్వశాస్త్రంలో మాస్లో అవసరాల మెట్లు మాకు పాఠం. మీలో టీచర్లందరూ ఆ త్రికోణం బొమ్మ గీసే ఉంటారు. అబ్రహం మాస్లో 1943లో రాసిన వ్యాసంలోనిది ఆ ఆలోచన. కింద తిండి, నిద్ర, వెచ్చదనం. ఆపైన భద్రత. ఆపైనే ప్రేమ, నావాళ్లు అనే భావం. కింది మెట్టు చాలావరకు గట్టిపడితేనే పై మెట్టు మీద మనసు పడుతుందని మాకు చెప్పారు. బొంత కింద చూస్తే ఈ మెట్లు కలిసిపోయి కనిపిస్తాయి. ఆ పిల్లకు వెచ్చదనం ఎక్కడినుంచి వస్తున్నది, గుడ్డలోనుంచా, పక్కన పడుకున్న తమ్ముడి ఒంటినుంచా? బొంత చాలకపోవడం వల్లే దగ్గరగా పడుకున్నారు. దగ్గరగా పడుకోవడం వల్లే బొంత చాలింది. ఏది ముందు మెట్టు అని అడిగితే నేను చెప్పలేను. తలా ఒక మంచి రగ్గు ఇస్తే వద్దనేంత పిచ్చివాళ్లు మా తండాలో ఎవరూ లేరు. నేను అంటున్నది ఒక్కటే, కింది మెట్టు సగమే ఉన్నచోట పై మెట్టు ఉండదని అనుకోవడం మనవాళ్లను తక్కువ చేయడం.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఒక చలికాలం మా తండాలో తొమ్మిదేళ్ల అమ్మాయి మంట దగ్గరికి వచ్చేది గాని పాట పాడేది కాదు, పొడుపు కథ విప్పేది కాదు. బాగా పాడే పిల్ల. ఎందుకని అడిగితే, “యాడి ఆడ పట్ట కింద పండుకుంటాంది సార్, నేను ఈడ పాడితే ఎట్లుంటాది?” అన్నది. మిరప తోటల దగ్గర కూలివాళ్లకు చాలాచోట్ల ప్లాస్టిక్ పట్టల గుడారాలే. అమ్మ చలిలో ఉన్నప్పుడు బిడ్డ నవ్వడం ద్రోహం కాదా అన్నది ఆ పిల్ల ప్రశ్న. పెద్ద పెద్ద పుస్తకాలు అడిగే ప్రశ్న అదే. అందరూ సుఖంగా లేనప్పుడు ఒకరు సుఖపడటానికి హక్కు ఉందా?

వాళ్ల దాది జవాబు చెప్పింది, నేను చెప్పలేదు. “రాత్రి ఫోన్లో నీ గొంతు ఏడుపుగా వినపడితే తెల్లారి మీ యాడి చెయ్యి ఆగుతాది. చెయ్యి ఆగితే కాయ తగ్గుతాది. కాయ తగ్గితే కూలి తగ్గుతాది. పాడు.” చాలాచోట్ల మిరప కోతకు కూలి కిలోల లెక్కన. ముసలమ్మ కూడా ఆ లెక్కే వేసింది. ఆ రాత్రి పిల్ల ఫోన్ స్పీకర్ పెట్టి పాడింది. అవతల గుడారంలో ఉన్నవాళ్లందరూ విన్నారని తర్వాత తెలిసింది.

అందరూ ఈ కథను మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఒక మూల గుచ్చుకుంటూనే ఉంటుంది. తొమ్మిదేళ్ల బిడ్డ సంతోషంగా ఉండటం కూడా కూలి లెక్కలో ఒక భాగం అయిపోతే అది సంతోషమేనా? ఆ పిల్ల కూడా సుగ్గి పని చేస్తున్నట్టే కదా? నేను ఎంత ఆలోచించినా దాది చెప్పింది తప్పు అనలేకపోతున్నాను. ఎందుకంటే ఆమె పిల్లను నవ్వినట్టు నటించమనలేదు, పాడమంది. నటించిన నవ్వు ఎవరినీ వెచ్చబెట్టదు. పాటకు ఆ గుణం ఉంది. మొదటి చరణం బలవంతాన పాడినా రెండో చరణం దానంతట అదే వస్తుంది. మర్నాడు ఆ పిల్ల మంట దగ్గర తనే మొదలుపెట్టింది. ఏడవాలనుకున్న రోజు ఏడవనిచ్చే ఒడి కూడా ఆ దాదిదే. ఆ ఒడి లేకుండా పిల్లలను నవ్వమని చెప్పేవాళ్లను చూస్తే నాకు భయం.

దీవుల సంగతికి వస్తే, దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలో ట్రిస్టన్ డా కూనా అనే చిన్న దీవి ఉంది. మనుషులున్న దీవుల్లో అంతగా విసిరేసినట్టు ఉన్నది ఇంకోటి లేదంటారు. 1961 అక్టోబరులో అక్కడి అగ్నిపర్వతం పగిలింది. 264 మందిని పడవల్లో, ఓడల్లో తరలించి చివరికి ఇంగ్లండు చేర్చారు. అక్కడ కరెంటు, టీవీ, జీతం ఉన్న పని, దుకాణాలు. దీవిలో వాళ్లకు ఉన్నది చేపలు, గొర్రెలు, రాతి గోడల మధ్య పండించుకునే ఉర్లగడ్డలు, గాలివాన. ఇంగ్లండులో మొదటి చలికాలం వాళ్లను జబ్బులు పట్టి పీడించాయి, కొందరు ముసలివాళ్లు చనిపోయారు. 1962 చివర్లో తిరిగి పోదామా అని ఓటు పెడితే 148 మంది పోదామన్నారు, అయిదుగురు వద్దన్నారు. 1963లో ఎక్కువమంది తిరిగి వెళ్లిపోయారు. ప్రపంచం ఆశ్చర్యపోయింది. సౌకర్యం వదిలి గాలివానలోకి పోవడం ఏమిటని.

మనకు ఇందులో ఆశ్చర్యపడేది తక్కువ. అయితే దీన్ని అందమైన కథగా ముగించడం కూడా సరికాదు. తిరిగి వెళ్లినవాళ్లలో కొందరు కొన్నేళ్లకు మళ్లీ ఇంగ్లండుకు వచ్చేశారు. అవును, రావచ్చు. ఉండటం, పోవడం రెండూ వాళ్ల చేతిలో ఉన్నాయి, అడిగి ఓటు వేయించారు. సుగ్గికి పోయేవాళ్లను ఎవరు ఓటు అడుగుతున్నారు? వాన రాకపోవడం, అప్పు, మేస్త్రీ ముందే ఇచ్చిన అడ్వాన్సు, ఈ మూడూ కలిసి ఓటు వేసేస్తాయి. ట్రిస్టన్ వాళ్ల సంతోషానికీ మన సంతోషానికీ తేడా అక్కడుంది.

ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే ఒక మిత్రుడు, అతనూ టీచరే, గట్టిగా వద్దన్నాడు. “నువ్వు మంట, కందికాయలు, పాట అని రాస్తావు. చదివినవాళ్లు ఆదివాసులు కొంచెంతోనే ఎంత ఆనందంగా ఉంటారో అని మురిసిపోయి పుస్తకం మూస్తారు. హాస్టల్ ఎందుకు, ఊర్లో పని ఎందుకు, వాళ్లు బాగానే ఉన్నారుగా అంటారు.” అతని మాటలో నిజం ఉంది. బయటివాళ్లు మన నవ్వును ఫొటో తీసుకుపోయి మన అవసరాలకు జవాబుగా చూపిన సందర్భాలు మనందరికీ తెలుసు.

కానీ దానికి విరుగుడుగా మనం నవ్వును దాచిపెట్టి, ఏడుపు ముఖంతోనే కనిపించాలా? అప్పుడు ఇంకో రకం బయటివాళ్లు వస్తారు, పాపం అంటారు. పాపం అనిపించుకోవడానికి పిల్లలను పెంచలేం. మంట దగ్గర నవ్వినవాళ్లు దేనికీ ఒప్పుకున్నట్టు కాదు. నవ్వు సంతకం కాదు. మా తండా పిల్లలు పాడారు కాబట్టి గుంటూరు గుడారంలో చలి న్యాయం అయిపోదు. ఉపాధి పని దినాలు, చెరువుకు నీళ్లు, సమయానికి తెరిచే హాస్టల్, ఇవి అడగడానికి నోరు కావాలి. నిరాశతో మూసుకుపోయిన నోరు ఏదీ అడగదు. నా అనుభవంలో గ్రామసభలో లేచి మాట్లాడేవాళ్లు మంట దగ్గర ఎక్కువ నవ్వించేవాళ్లే.

నాకు మిత్రుడి భయం కంటే పెద్ద భయం వేరే ఉంది. స్కాట్లండుకు పడమటి సముద్రంలో సెయింట్ కిల్డా అనే దీవి. వందల ఏళ్లు మనుషులు బతికారు. చలికాలంలో ఓడలు వచ్చేవి కావు. చెక్కను చిన్న పడవలాగా తొలిచి అందులో ఉత్తరం పెట్టి సముద్రంలో వదిలేవాళ్లు, ఏ ఒడ్డుకు కొట్టుకుపోతే ఆ ఒడ్డువాళ్లు చదవాలి. అట్లాంటి చోట కూడా తరాల తరబడి చలికాలాలు గడిపారు. తర్వాత పడుచువాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 1930 నాటికి మిగిలింది 36 మంది. చలి అంతకు ముందూ ఉంది, అప్పుడూ ఉంది. మారింది మనుషుల లెక్క. పడవ లాగడానికి, గొర్రెలు చూడటానికి, ముసలివాళ్లను చూసుకోవడానికి చేతులు చాలలేదు. తమను తీసుకుపొమ్మని వాళ్లే ప్రభుత్వానికి రాసుకున్నారు. ఆ ఏడాది ఆగస్టు 29న అందరూ ఓడ ఎక్కారు.

మన తండాలు అంత దూరం రాలేదు. ఉగాదికి లారీలు తిరిగి వస్తున్నాయి, తాళాలు తెరుచుకుంటున్నాయి. కానీ ప్రతి ఏడూ ఒకటి రెండు తాళాలు అట్లాగే ఉండిపోతున్నాయి. హాజరు పట్టీలో ఆ పేర్లు చదివితే, “సుగ్గికి పోయినారు సార్” అని ఎవరో ఒకరు జవాబు చెబుతారు. ఏప్రిల్లో కూడా అదే జవాబు వస్తే అది సుగ్గి కాదని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు.

అందుకే చదువుకున్న పిల్లలతో, ముఖ్యంగా కర్నూలులోనో బెంగళూరులోనో ఉండి పండగకు మాత్రమే వచ్చేవాళ్లతో ఈ మాట మాట్లాడుతుంటాను. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి. సేవాగఢ్ గుత్తి దగ్గరే, మాకు ఎంతో దూరం కాదు. ఆ రోజు వస్తారు, భోగ్ పెడతారు, డీజే పెడతారు, ఫొటోలు దిగుతారు. మంచిదే. అయితే ఆ రోజు తండాకు అంత వెలుగు అవసరం లేదు. పండగే దాని వెలుగు అది తెచ్చుకుంటుంది. డిసెంబరులోనో జనవరిలోనో ఏ పండగా లేని ఒక మామూలు మంగళవారం సాయంత్రం, మంట చుట్టూ నలుగురు ముసలివాళ్లు, పదిమంది పిల్లలు ఉన్నప్పుడు ఒకరు వచ్చి కూర్చుంటే దాని లెక్క వేరు. పాట రాకపోయినా పరవాలేదు. తుమ్మ మొద్దు మోయడానికి దాదీలకు నడుములు లేవు. పోయిన చలికాలం మా వాళ్లు చాలా రాత్రులు ఒక్క పత్తికట్టెతోనే సరిపెట్టుకున్నారు, అది గంటకే ఆరిపోయేది, పిల్లలు పొడుపు కథ మధ్యలోనే లేచి బొంతలోకి పరుగెత్తేవాళ్లు.