మనం పోయని మురుగు

ఎండాకాలం ఆదివారాలు మేము చెరువులో దిగి గుర్రపుడెక్క పీకుతాం. నాలుగేండ్ల సంది ఇదే పని. రామగుండం, గోదావరిఖని చుట్టూ ఉన్న ఊర్లవాళ్లకు మా చెరువు ఎట్లుంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక దిక్కు ఓపెన్‌కాస్ట్ గనిలోంచి తోడిపోసిన మట్టిగుట్ట, ఇంకో దిక్కు కాలనీ, నడుమ పచ్చగా పరుచుకున్న చెరువు. దూరం నుంచి చూసినవాళ్లు వరిమడి అనుకుంటారు.

ఈసారి ఇంటర్ చదివే పిల్లగాడొకడు మోకాల్లోతు బురదలో నిలబడి అడిగాడు: "కాకా, ఈ మురుగు మనం పోసింది కాదు గదా, మనమెందుకు ఎత్తాలె?"

పెద్దలెవరూ వెంటనే జవాబు చెప్పలేదు. ఒకాయన "ముందు పీకు బిడ్డా, ఎండ ఎక్కుతుంది" అన్నాడు. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు. ఆ రోజు చెప్పలేకపోయిన మాటలే ఇక్కడ రాస్తున్నాం.

ముందు లెక్క సరిగ్గా చూసుకోవాలి. గుర్రపుడెక్క వేర్లు మట్టిని పట్టుకోనక్కర్లేదు, నీళ్లలో కరిగి ఉన్న నత్రజని, భాస్వరంతోనే బతుకుతుంది. అవి ఎటునుంచి వస్తున్నాయో తెలిస్తే దోషి దొరుకుతాడని కాలువ వెంట నడిచి చూశాం. కాలనీ మోరి వచ్చి కలిసేచోట నీళ్లు నల్లగా ఉన్నాయి, మొక్క అక్కడే అన్నిటికంటే ఏపుగా ఉంది. మట్టిగుట్ట నుంచి వానకు దిగే ఒండ్రు మొక్కకు పెద్దగా తిండి పెట్టదు గాని చెరువును పూడుస్తుంది. లోతు తగ్గినచోటికి జమ్ము, తుంగ జరిగి వస్తాయి. ఎగువ పొలాల నుంచి యూరియా నీళ్లు దిగుతున్నాయి, ఆ పొలాల్లో కొన్ని మావే. తిరిగి తిరిగి చివరికి మా గూడెం గట్టుకే వచ్చాం. అక్కడ రాళ్లమీద సబ్బుపొడి నురగ ఇంకా ఆరలేదు.

అంతలో ఒక ముసలవ్వ ఇంకో సంగతి చెప్పింది. ఈ మొక్కను మొదట తెచ్చింది ఆమె మనుమడేనట. చుట్టాల ఊరికి పోయినప్పుడు అక్కడి చెరువులో ఊదారంగు పువ్వు చూసి ముచ్చటపడి రెండు మొక్కలు సంచిలో వేసుకొచ్చి మన చెరువులో వేశాడు. ఆమె దాచుకోకుండా చెప్పిందే గాని, ఆ తర్వాత కొంతసేపు ఎవరి ముఖమూ చూడలేదు. ఆ మాట విని మాకు ఆ పిల్లగాడిమీద కోపం రాలేదు. బెంగాల్‌కూ ఇది పువ్వు కోసమే వచ్చిందంటారు. దీని పుట్టిల్లు అమెజాన్ నది దిక్కు. 19వ శతాబ్దం చివర బెంగాల్ చేరి వాగులూ కుంటలూ ఆక్రమించింది, 1936 నాటికి దీన్ని ఆపడానికి అక్కడ చట్టమే చెయ్యాల్సి వచ్చింది. ఇది పరాయి మొక్క గనుకే ఇంత చెడ్డదని మాలో కొందరంటారు. ఆ మాటతో మేము జాగ్రత్తగా ఉంటాం. అడవి దాటి వచ్చినవాళ్లను, గని కోసం ఊరు లేచిపోయి ఇంకోచోట గుడిసె వేసుకున్నవాళ్లను కూడా లోకం పరాయివాళ్లనే పిలుస్తుంది. మన సొంత తామర అయినా తిండి ఎక్కువైతే చెరువు మూస్తుంది.

ఆ తిండి వెనుకట ఎందుకు పేరుకోలేదో పెద్దలకు గుర్తుంది. వేసవిలో చెరువు ఎండగానే అడుగు మట్టి తవ్వి బండ్లతో పొలాలకు తోలేవాళ్లు. అది పొలానికి ఎరువు, చెరువుకు పూడికతీత. ఏడాదికోసారి చెరువులోని సారం పైకి లేచిపోయేది, కలుపుకు మిగిలేది తక్కువ. యూరియా బస్తా వచ్చాక మట్టిబండి ఆగింది. మన రామగుండంలోనే బొగ్గుతో యూరియా చేసే కర్మాగారం ఉండేది, 1999లో మూతపడింది. దాని చోట వచ్చిన కొత్త కర్మాగారాన్ని 2022లో జాతికి అంకితం చేశారు. యూరియా తప్పని మేము అనడం లేదు, మేమూ చల్లుతున్నాం. కాని బస్తా సులువుగా దొరికేసరికి చెరువు అడుగున ఉన్న ఎరువు మాకు బురదగా కనబడింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయతో పూడికమట్టి మళ్లీ పొలాలకు పోయింది. ఆ మట్టి వేసుకున్న రైతులను అడగండి, పంట గురించి వాళ్లే చెబుతారు.

లెక్క ఇట్లా తేలింది: మోరిది పెద్ద వాటా, మాది చిన్న వాటా, సున్నా మాత్రం కాదు. పిల్లగాడి ప్రశ్న అప్పటికీ నిలిచే ఉంది. చిన్న వాటా వాళ్లు మొత్తం ఎందుకు ఎత్తాలి?

ఎత్తకుండా ఉండే దారులు రెండు మా ముందుకు వచ్చాయి. ఒకటి మందు. కలుపుమందు కొడితే పదిరోజుల్లో మాడిపోతుందని ఒకాయన పంపు భుజాన వేసుకునే వచ్చాడు. మాడిన మొక్క ఎటుపోతుంది? అడుగుకు దిగి కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. అసలే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ తక్కువ, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచేది అప్పుడే. పైగా అది తిన్న సారమంతా మళ్లీ నీళ్లలోనే కలుస్తుంది, తర్వాతి మొలకకు పనికొస్తుంది. వీటన్నిటికంటే మమ్మల్ని ఆపింది వేరే. ఆ నీళ్లు తాగే బర్రెలను, మేకలను, చేపలు పట్టుకొని బతికే ఇండ్లవాళ్లను మేము అడగలేదు. మమ్మల్ని అడగకుండా మా చెరువులోకి మోరి వదిలారని కదా మా కోపం.

రెండోది ఊరుకోవడం. చేసినవాళ్లే వచ్చి ఎత్తాలి, అప్పటిదాకా ముట్టుకోం. ఇందులో న్యాయం ఉంది, దీన్ని తేలిగ్గా తీసెయ్యలేం. ఎవరో చెడగొట్టినదాన్ని బాగుచేసే పని తరతరాలుగా మన చేతికే వచ్చింది, ఇంకోసారి వంగితే అదే అలవాటవుతుంది. నిజమే. కాని మంచి తిండి, ఎండ దొరికితే గుర్రపుడెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది. కార్యాలయంలో కాగితం ఒక బల్లమీంచి ఇంకో బల్లకు పోయేలోగా చెరువు మూసుకుపోతుంది. దీని గింజ బురదలో ఇరవై ఏండ్లదాకా బతికి ఉండగలదు. మేము ఊరుకున్నందుకు శిక్ష పడేది మోరి వదిలినవాళ్లకు కాదు.

2006 అటవీ హక్కుల చట్టంలో 5వ సెక్షన్‌ను మాలో చట్టం చదివిన తమ్ముడు చదివి వినిపించాడు. దాని శీర్షిక హక్కుదారుల విధులు అంటుంది. కిందికి వస్తే, నీటి వనరులనూ వాటికి నీరు చేరే నేలనూ కాపాడే అధికారం హక్కుదారులకూ గ్రామసభకూ ఉందంటుంది. పైన విధి, లోపల అధికారం. పట్నం అంచున, పట్టా భూముల నడుమ ఉన్న మా చెరువుకు ఆ సెక్షన్ నేరుగా వర్తించదు. అయినా ఆ రెండు మాటలు ఒకేచోట ఉండటం మాకు నచ్చింది. నీళ్లలో దిగినవాళ్లకే మోరి ఎక్కడ కలుస్తుందో, ఏ నెలలో నల్లబడుతుందో తెలుస్తుంది. మేము పీకుతున్నామంటే తప్పు మాదని ఒప్పుకున్నట్టు కాదు, మోరి మళ్లించమని అడగడం మానుకున్నట్టూ కాదు. అడగకుండా పీకడం కూడా ఒక రకం అబద్ధమే. మోరి పారుతున్నంతకాలం ఏటా పీకుతూనే ఉంటాం, బయటివాళ్లు చెరువు శుభ్రంగా ఉందనుకుంటారు. గని ప్రాంతాల కోసం 2015 సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధిలో తాగునీరు, కాలుష్య నివారణ ముందు వరుసలో ఉన్నాయి. ఆ డబ్బు అడగడం అడుక్కోవడం కాదు.

పంతుళ్లకు ఒక మనవి. తెల్లపళ్లానికి తాడు కట్టి నీళ్లలోకి దింపితే ఎన్ని మూరల దగ్గర కనబడకుండా పోయిందో పిల్లలే కొలవగలరు. వారానికోసారి తేదీ వేసి రాయాలి. మోరి రంగు, వాసన, తెల్లవారి చేపలు పైకి తేలిన రోజు కూడా రాయాలి. మా దగ్గర ఆ నోటుబుక్కు మొదలై ఏడాదిన్నర అయింది. మొదటి అర్జీకి జవాబు రాలేదు. రెండోదానికి ఆ పేజీల నకళ్లు జతచేశాం, ఒకరు వచ్చి చూసిపోయారు. మోరి ఇంకా పారుతోంది.

మొదటి ఏడాది పీకిన కుప్పను గట్టుమీదే వదిలాం. తొలకరి వానకు సగం మళ్లీ చెరువులోకే జారింది. ఇప్పుడు ట్రాక్టరుతో దూరం తోలి ఎండబెట్టి, పేడ కలిపి గుంతలో వేస్తున్నాం. ప్రశ్న అడిగిన పిల్లగాడు ఆ తర్వాతి ఆదివారం రాలేదు, దాని తర్వాతి ఆదివారం వచ్చాడు. మా జవాబు విన్నాడు గాని సరేననలేదు. "కాలనీ పిల్లగాండ్లను గూడ పిలుద్దాం, వాళ్ల మోరి వాళ్లు చూడాలె గదా" అన్నాడు. పోయిన వారం ఇద్దరు వచ్చారు, చెప్పుల్లేకుండా దిగడానికి భయపడ్డారు.