పేరు చెప్పినవా?

ప్రాజెక్ట్ పని మీద ఎడిన్‌బరాలో ఆరు వారాలున్నాను. ఒక శుక్రవారం సాయంత్రం టీమంతా కలిసి దెయ్యాల టూరుకి వెళ్లాం. నల్లకోటు గైడు మమ్మల్ని సౌత్ బ్రిడ్జి కిందికి దింపాడు. 1788లో తెరిచిన ఆ వంతెనకి 19 ఆర్చీలు. బయటికి కనిపించేది ఒక్కటే, మిగతావన్నీ బిల్డింగుల వెనక దాగిపోయాయి. లోపలి గదుల్లో మొదట పనివాళ్లు, వ్యాపారులు ఉండేవారట. నీళ్లు కారడం మొదలయ్యాక వాళ్లు వదిలేస్తే, ఎక్కడా చోటు దొరకని పేదలు చేరారు. తర్వాత ఆ గదుల్ని మట్టీ రాళ్లూ పోసి పూడ్చేశారు, 1980ల్లో మళ్లీ తవ్వి తీశారు. గైడు ఇదంతా రెండు నిమిషాల్లో ముగించి దీపం ఆర్పేశాడు. ఎవరో కెవ్వుమన్నారు. అందరం నవ్వాం.

నాకైతే భయం కంటే ముందు వాసన తగిలింది. తడిసిన రాయి వాసన. మాది నస్పూర్. బాపు శ్రీరాంపూర్ ఏరియాలో ఒక బాయిలో టింబర్‌మన్‌గా చేశాడు. గనిని మా దగ్గర బాయి అనే అంటారు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చాక ఆయన బట్టల్లో బొగ్గుతో పాటు ఆ వాసన ఉండేది.

టూరయ్యాక పబ్బులో, మీ ఊళ్లో దెయ్యాల్లేవా అని అడిగారు. చిన్నప్పటి నుంచీ విన్న కథ చెప్పాను. బాయిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో కర్రతో కొట్టి చూస్తారు. గట్టిదైతే ఖంగుమంటుంది, బోలుగా మోగితే పక్కకి రావాలి. అలా కొట్టి చూస్తుండగానే ఒకాయన మీద బండ పడింది. ఆ వైపు మూసేశారు. ఇప్పటికీ నైట్ షిఫ్ట్‌లో అటు నుంచి టక్ టక్ వినిపిస్తుందంటారు. అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. అక్కడ నువ్వే ఒక టూరు పెట్టొచ్చు కదా అన్నాడు మేనేజరు. నా బీరు డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. నాకు గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

ఆదివారం వీడియో కాల్‌లో బాపుకి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

"పేరు చెప్పినవా?" అన్నాడు.

"ఎవరి పేరు బాపు?"

"చచ్చిపోయినోనిది."

నాకు గుర్తు లేదు. ఆయన చెప్పిన ప్రతిసారీ కథ పేరుతోనే మొదలయ్యేది. ఏ లైన్ క్వార్టర్లో ఉండేవాడో, కొడుకు నాకంటే ఎన్నేళ్లు పెద్దో, అన్నీ ఉండేవి. నేను వాటన్నిటినీ వదిలేసి టక్ టక్ ఒక్కటే ఉంచుకున్నాను.

గైడు చేసిందీ అదే కదా అని సమర్థించుకుందామని చూశాను. కానీ అతని దగ్గర ఆ పేదల పేర్లు లేవు, రెండొందల ఏళ్లు దాటిపోయాయి. అయితే తేడా కాలానిదేనా? 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. రేపెవరైనా టికెట్ పెట్టి వాళ్లని దెయ్యాలుగా చూపిస్తానంటే మా వాళ్లు ఊరుకోరు. మరి 2103లో? 2203లో? అప్పటికి అభ్యంతరం చెప్పేవాళ్లెవరూ మిగలరు, అంతే. దాన్ని అనుమతి అనుకోవడం, లాగ్‌లో ఎర్రర్ రాలేదు కాబట్టి కోడ్ కరెక్టే అనుకోవడం లాంటిది. అలా అనుకుని నేను ఎన్నిసార్లు దెబ్బతిన్నానో.

అలాగని టూర్లే తప్పనలేను. ఆ సాయంత్రం లేకపోతే వంతెన కింద మనుషులు బతికారని నాకు తెలిసేదే కాదు. 2022 చివర్లో ఆర్టీసీ హైదరాబాద్ నుంచి సింగరేణి దర్శన్ బస్సు వేసినప్పుడు, వెళ్లిరండని ఆఫీసులో అందరికీ చెప్పింది నేనే. కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో సిటీ వాళ్లు ఒకసారి చూడాలి.

నన్ను ఇబ్బంది పెడుతున్నది వేరే. బాపు ఆ కథని కొత్తగా చేరిన పిల్లలకి చెప్పేవాడు. మూసేసిన వైపు పోవద్దని, కప్పు కొట్టకుండా అడుగు వేయొద్దని. చెప్పినాయనా విన్నవాళ్లూ మర్నాడు మళ్లీ ఆ బండ కిందికే పోవాలి. కార్న్‌వాల్ గనుల్లో కూడా గోడల్లో తట్టే చిట్టి దెయ్యాలున్నాయని నమ్మేవాళ్లు, వాటికోసం తమ తిండిలో ఒక ముక్క వదిలేవాళ్లు. నేను పబ్బులో ఏం వదిలాను? బిల్లు కూడా నేను కట్టలేదు.

బాపు ఆ కాల్‌లోనే పేరు చెప్పాడు. ఇక్కడ రాయాలనే మొదలుపెట్టాను. కానీ పేరు రాస్తే సరిపోతుందా? ఆయన భార్య ఇంకా నస్పూర్‌లోనే ఉంది. ఆయన్ని ఇన్నేళ్లుగా ఊరంతా దెయ్యంగా చెప్పుకోవడం ఆమెకెలా ఉంటుందో ఎవరూ అడిగినట్టు లేరు. మొన్న దసరాకి వెళ్లినప్పుడు అడుగుదామని వాళ్లింటికి పోయాను. చాయ్ పెట్టింది. "బాపు మోకాళ్ల నొప్పులు తగ్గినయా బిడ్డా" అంది. తగ్గాయని చెప్పి, చాయ్ తాగి వచ్చేశాను.